మరక ఏదండీ

పదో తరగతి లెక్కల పరీక్ష మొదలై గంట దాటింది. పాలకొల్లు ఊరి చివరనున్న ఆ హైస్కూల్లో, మేడ మీద మూలగదికి ఆ రోజు ఇన్విజిలేటరు శ్రీసుధ. ఆవిడ అదే స్కూల్లో తెలుగు టీచరు. ఎండ అప్పుడే కిటికీ చువ్వల్లోంచి బల్లల దాకా పాకింది. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి గానీ గాలి ఎవరికీ తగలడం లేదు. గదిలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఉన్నారు. చుట్టుపక్కల స్కూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, బెంచీకి ఒకరు చొప్పున కూర్చుని రాసుకుంటున్నారు.

కిటికీ వరసలో ఉన్న ఒక పిల్ల మీద శ్రీసుధ కన్ను ఇందాకటి నుంచీ ఉంది. క్రీమ్ రంగు చుడీదార్ టాపు, మెరూన్ లెగ్గింగు, రెండు జడలు. హాల్ టికెట్ మీద పేరు దుర్గాశ్రీ. మొదట్లో తల ఎత్తకుండా రాసిన పిల్ల కాసేపటి నుంచి రాయడం, ఆగడం, మళ్ళీ రాయడం. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కొయ్యలా కూర్చుంది. నీళ్ళు కావాలా అని సైగ చేస్తే తల అడ్డంగా ఊపింది. లెక్క తెగక అవస్థ పడుతోందేమో అనుకుంది శ్రీసుధ.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడయ్యింది. కాపీలు పట్టుకునే స్క్వాడ్.

ముందుగా లోపలికొచ్చినాయన పేరు శశిభూషణ్. సన్నటి మనిషి, కళ్ళజోడు, చంకలో ఫైలు. ఆయన వెంట వచ్చిన ఇంకొకాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నమస్తే మేడమ్. మీరు కంగారు పడకండి. ఒకసారి చూసుకుని వెళ్ళిపోతామండి," అన్నాడు శశిభూషణ్ చాలా మెత్తగా. తర్వాత పిల్లల వైపు తిరిగాడు. "అందరూ పెన్నులు కింద పెట్టి, లేచి బెంచీ పక్కన నిలబడండమ్మా."

బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. దుర్గాశ్రీ లేవలేదు.

"నీకే చెప్తున్నానమ్మా. లే."

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. శ్రీసుధ వైపు చూసింది.  రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. వెనక బెంచీ దగ్గర నిలబడిన కుర్రాడొకడు పక్కవాడికేసి చూసి కనుబొమలెగరేశాడు.

"లేవడానికి ఇబ్బందేంటమ్మా?" శశిభూషణ్ ఒక అడుగు ముందుకు వేశాడు. "కింద ఏమైనా పెట్టుకున్నావా?"

శ్రీసుధ ఆయనకంటే ముందు అక్కడికి చేరుకుంది. ఆ పిల్లకూ ఆయనకూ మధ్య నిలబడి వంగింది. "ఏమైందమ్మా?"

"పీరియడ్స్ అండీ," అంది దుర్గాశ్రీ పెదవులు కదిలీ కదలకుండా. "ముందే వచ్చేసింది. డ్రస్సుకి అంటింది. బెంచీకి కూడానండీ."

ఆ పిల్ల కొంచెం పక్కకి జరిగితే శ్రీసుధ కిందికి చూసింది. టాపు వెనక భాగమంతా మరక. బెంచీ చెక్క మీద అరచేతి మేర తడి.

ఆవిడ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర ఒక పురోహితుల ఇల్లు. ఆ మూడు రోజులూ పెరటి వసారాలో విడిగా కూర్చుని, ఎవరూ నిద్ర లేవకముందే తన గుడ్డలు తనే ఉతుక్కుని, ఇంకో బట్ట కింద దాచి ఆరేసుకున్న పిల్ల ఆవిడ. అటుకేసి నాన్నగారి శిష్యులెవరైనా వస్తే గోడకి ఎలా అతుక్కుపోయేదో ఆవిడకి గుర్తు. ఇక ఆలోచించడానికేం లేకపోయింది.

"సార్, ఈ అమ్మాయిని నేను చూస్తానండి. మీరు మిగతావాళ్ళని చూడండి," అంది.

"ముందు లేవమనండి మేడమ్."

"లేస్తుందండి."

శ్రీసుధ ఆ పిల్లని లేపి, ఆమె భుజాల మీది చున్నీ తీసి నడుం చుట్టూ వెనక నుంచి కప్పి ముడివేసింది. తన ఒంటిని అడ్డుపెట్టి, పిల్లని గోడవైపు తిరిగి నిలబడమంది. తన బ్లౌజు దగ్గర దోపుకున్న చేతిరుమాలు తీసి, బల్ల మీదున్న సీసాలోని నీళ్ళు కాసిని పోసి, బెంచీని ఒక్కసారి గట్టిగా తుడిచింది. రుమాలు మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

ఇదంతా వెనక నుంచి చూసిన శశిభూషణ్‌కి కనబడింది ఒక్కటే. టీచరు బెంచీ మీంచి ఏదో తీసి చేతిలో దాచుకుంది.

"మేడమ్, చేతిలోది ఏంటండి?"

"రుమాలండి."

"చూపించండి."

గదిలో పిల్లలందరూ అటే చూస్తున్నారు. శ్రీసుధ పిడికిలి ఇంకా బిగిసింది. "ఇక్కడ కాదండి. వరండాలోకి రండి, చెప్తాను."

దుర్గాశ్రీ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. శశిభూషణ్ వెంటనే వచ్చాడు. ఆవిడ గొంతు బాగా తగ్గించి, "ఆడపిల్ల ఇబ్బందండి. బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి," అంది.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మొన్న ఇంకో సెంటర్లో కూడా ఇదే మాట చెప్పారండి. సరేనని పంపించాం. తర్వాత ఆ బాత్రూమ్ వెంటిలేటర్‌లో స్లిప్పులు దొరికాయి. పైవాళ్ళు నన్ను నిలబెట్టి అడిగారు. కాబట్టి ముందు ఆ రుమాలు చూపించి, తర్వాత వెళ్ళండి."

వరండా కిటికీలోంచి లోపలి కుర్రాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. దుర్గాశ్రీ చెయ్యి శ్రీసుధ చేతిలో చల్లగా, చెమటగా ఉంది. రుమాలు విప్పడం ఒక్క క్షణం పని. విప్పితే ఆయన నమ్ముతాడు. ఆ కిటికీలోంచి చూసేవాళ్ళు కూడా చూస్తారు.

"చూపించనండి," అంది శ్రీసుధ. పిల్లని తీసుకుని మెట్లు దిగింది.

వెనక నుంచి ఆయన గొంతు పెరగలేదు. "మీరు చేస్తున్నది ఏంటో మీకు తెలుస్తోంది కదండి?" అన్నాడంతే.

కింద ఆడపిల్లల బాత్రూమ్ దగ్గర ఆయా సంపూర్ణమ్మ ఎదురొచ్చింది. ఆమెకి రెండు ముక్కల్లో చెప్పి, స్టాఫ్ రూములో తన బ్యాగు తెమ్మంది శ్రీసుధ. బ్యాగులో ప్యాడ్ ఉంది. సైన్స్ ల్యాబ్‌లో కొక్కేనికి వేలాడే తెల్లకోటు కూడా పట్రమ్మంది.

తలుపు వెనక దుర్గాశ్రీ టాపు తీసి ఇచ్చింది. లోపలి షిమ్మీ మీద తెల్లకోటు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుంది. లెగ్గింగు ముదురు రంగు కాబట్టి దాని మీద ఏమీ కనపడటం లేదు.

"ఎవరికీ చెప్పకండి మేడమ్," అంది. ఏడవలేదు. "మా ఊరి అబ్బాయిలున్నారండీ ఆ గదిలో. పోయినేడాది మా స్కూల్లో ఒకక్కకి వ్యాన్‌లో ఇలాగే అయ్యింది. అప్పట్నుంచి ఆమె కనపడితే చాలు, ఎర్రసిరా, ఎర్రసిరా అని పిలిచేవాళ్ళు. ఇంటర్‌లో చేరలేదండి. ఇప్పుడు రొయ్యల షెడ్డుకి పనికెళ్తోంది."

"చెప్పను. నువ్వు వెళ్ళి రాసుకో."

"నా డ్రస్సు?"

"అదీ ఎవరికీ చూపించను. పరీక్ష అయ్యేసరికి శుభ్రంగా నీకిస్తాను. పద, టైం పోతోంది."

టాపుని కవర్లో పెట్టి సంపూర్ణమ్మ చేతికిచ్చి, పిల్లని ఆమె వెంట పైకి పంపింది. అప్పటికే ఆవిడ బదులు రిలీవరు మాష్టారొకాయన గదిలోకి వెళ్ళి నిలబడ్డారు. శ్రీసుధ కుళాయి తిప్పి, పిడికిలి విప్పి, రుమాలుని నీళ్ళ కింద పెట్టింది. పిండి, మళ్ళీ తడిపి, మళ్ళీ పిండింది. అది తెల్లబడ్డాక గానీ తనేం చేసిందో ఆవిడకి తట్టలేదు.

హెడ్‌మాస్టరు గోపాలకృష్ణమూర్తి గారి గదిలో ఏసీ లేదు. ఆయన బల్ల మీది అద్దం కింద దేవుడి క్యాలెండరు బొమ్మలున్నాయి. శశిభూషణ్ ఆయనకి ఎదురుగా కూర్చుని ఫైలు తెరిచాడు. శ్రీసుధ నిలబడే ఉంది.

"కూర్చోండమ్మా," అన్నారు హెడ్‌మాస్టరు. ఆవిడ కూర్చోలేదు.

"ఇప్పుడిక్కడ పిల్లలెవరూ లేరు కదండి. రుమాలు ఇవ్వండి," అన్నాడు శశిభూషణ్.

శ్రీసుధ రుమాలు తీసి బల్ల మీద పెట్టింది. తడిగా, తెల్లగా ఉంది. ఆయన దాన్ని పెన్నుతో అటూ ఇటూ కదిపి చూశాడు.

"కడిగేశారా?"

"కడిగేశానండి."

"ఎందుకండి? అది చూపిస్తే ఇప్పుడే అయిపోయేది కదా."

 పన్నెండేళ్ళ వయసులో అమ్మ నేర్పిన పని చేతులు వాటంతట అవే చేశాయని ఈయనకి ఎలా చెప్పడం?

"అమ్మాయికి నెలసరి వచ్చిందండి. బెంచీకి అంటితే తుడిచాను. జరిగింది అదే," అంది.

ఆ మాటకి హెడ్‌మాస్టరు చూపు క్యాలెండరు బొమ్మల మీదికి వెళ్ళిపోయింది. శశిభూషణ్ కూడా ఒక్క క్షణం ఫైలులోకే చూశాడు. కానీ వదల్లేదు.

"మీ మాట కాదనడం లేదండి. కానీ నేను కాగితం మీద ఏం రాయాలి? నేను చూపించమంటే మీరు చూపించలేదు. వెళ్ళొద్దంటే వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కడిగేసి తెచ్చారు. నా స్థానంలో మీరుంటే నమ్ముతారా? పోనీ, ఆ అమ్మాయి విప్పిన డ్రస్సు ఉంటుంది కదండి. అది తెప్పించండి. లేడీ టీచర్ ఎవరైనా చూసి చెప్పినా సరే అనేవాణ్ణి గానీ, మీ స్కూలు వాళ్ళు మిమ్మల్నే కాపాడారంటారు."

"డ్రస్సు తెప్పించనండి. ఎవరికీ చూపించనని ఆ పిల్లకి చెప్పాను."

"అయితే ఇంకో దారి ఉంది. గేటు దగ్గర లేడీ కానిస్టేబుల్ ఉన్నారు. ఆవిణ్ణి పిలుద్దాం. అమ్మాయిని ఒక గదిలోకి తీసుకెళ్ళి చెక్ చేసి చెప్తారు."

శ్రీసుధ బల్ల అంచు పట్టుకుంది. పరీక్ష రాస్తున్న పిల్లని పోలీసామె వచ్చి లేపి తీసుకెళ్తే, పిల్లలందరి మధ్య నుంచి ఆ తెల్లకోటులో నడిచి వెళ్తే, ఇక ఆ పిల్ల తిరిగొచ్చి రాసేదేముంటుంది?

"అలా చెయ్యకండి," అంది.  "పరీక్ష అయ్యేదాకా ఆ పిల్లని కదపకండి. తప్పు జరిగిందని రాయాలంటే నా మీద రాయండి. మీరు వద్దన్నా గది వదిలి వెళ్ళాను, రుమాలు చూపించలేదు, కడిగేశాను. ఇవన్నీ నిజమే కదా. సంతకం పెడతాను. ఆ పిల్ల పేరు మాత్రం వద్దండి."

"అమ్మా శ్రీసుధా," అన్నారు గోపాలకృష్ణమూర్తి గారు కంగారుగా. "తొందరపడకండి. సస్పెన్షన్ దాకా వెళ్తుందిది. కేసంటారు. మీ సర్వీసంతా దీంతో పోతుంది. ఆ బట్టేదో తెప్పించి అవతల పడేస్తే పోలా?"

"తెప్పించలేనండి సార్."

శశిభూషణ్ ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత పెన్ను మూత తీశాడు. "సరేనండి. పరీక్ష అయ్యేదాకా అమ్మాయి జోలికి వెళ్ళం. మిమ్మల్ని ఇప్పటి నుంచి డ్యూటీ లోంచి తప్పిస్తున్నాను. మీరు క్యాంపస్ వదిలి వెళ్ళకండి. అమ్మాయి బయటికొచ్చాక మిగతాది చూద్దాం."

శ్రీసుధ నేరుగా బడి వెనక్కి నడిచింది. మధ్యాహ్న భోజనం వండే షెడ్డు పరీక్షల రోజులు కాబట్టి మూసి ఉంది. దాని వెనక నీడలో సంపూర్ణమ్మ ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడి ఉంది. కవర్లో టాపు.

"ఏమన్నారండీ?"

"పరీక్ష రాయనిస్తున్నారు," అని, లోపల జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పింది శ్రీసుధ. "బకెట్టు పట్రా."

సంపూర్ణమ్మ బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టబోయింది. శ్రీసుధ చెయ్యి పెట్టి చూసింది. మేడ మీద నల్లట్యాంకు పొద్దుటి నుంచీ ఎండలో ఉంది. నీళ్ళు కాలుతున్నాయి.

"ఇవొద్దు. వేడి నీళ్ళు తగిలితే మరక ఉడికి నూలుకి పట్టేస్తుంది. ఇక పోదు. బోరింగు నీళ్ళు కావాలి."

బోరింగు పంపు ఉన్నది ముందు ఆవరణలో, పరీక్ష గదుల కిటికీల ఎదురుగా. సంపూర్ణమ్మ వెళ్ళి కొట్టుకొస్తానంది. వెళ్ళబోయి ఆగింది. "అమ్మా, అడక్కూడదేమో. ఆ సారు గారికి చూపించడానికి మీకు మిగిలింది ఇదొక్కటే కదండీ. ఇది కూడా ఉతికేస్తే రేపు మీ మాట ఎవరు నమ్ముతారండీ? సాయంత్రం దాకా ఆగితే పోలా?"

శ్రీసుధ కవరు విప్పి చూసింది. మరక అంచులు అప్పుడే ఎండి ముదురు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. మధ్యలో ఇంకా తడి ఉంది. ఇప్పుడు తడిపితే పోతుంది. సాయంత్రానికి పోదు. పరీక్ష అవగానే ఆ పిల్ల ఈ బట్టలోనే గేటు దాటాలి. గేటు బయట వాళ్ళ నాన్న, ఊరివాళ్ళు, ఆ కుర్రాళ్ళు అందరూ ఉంటారు. ఇది ఉతక్కుండా ఉంచితే తన ఉద్యోగం నిలబడుతుంది. తనకి ఇద్దరు పిల్లలు. భర్త మండపేటలో ఒక మిల్లులో అకౌంటెంటు. ఈ నెల జీతం రాకపోతే ఇల్లెలా గడుస్తుందో అనే ఆలోచన కూడా వచ్చింది. రాలేదంటే అబద్ధం.

"నీళ్ళు పట్రా సంపూర్ణమ్మా," అంది. "షెడ్డు తాళం నీ దగ్గరుంటే కాస్త ఉప్పు కూడా."

చల్లటి బోరింగు నీళ్ళలో బట్టని ముంచి, మరక ఉన్న చోటు వెనకవైపు నుంచి నీళ్ళు పోసింది. ముందు ఎర్రగా, తర్వాత టీ రంగులో నీళ్ళు దిగాయి. ఆ నీళ్ళు పారబోసి, మరక మీద ఉప్పు చల్లి, గుడ్డ మీద గుడ్డ పెట్టి మెల్లగా రుద్దింది. గట్టిగా రుద్దితే మరక పాకుతుంది. మళ్ళీ చల్లటి నీళ్ళు. తర్వాత బట్టల సబ్బు. మధ్యభాగం తొందరగానే వదిలింది. ఎండిన అంచు మాత్రం పటం గీసినట్టు అలాగే నిలబడింది. దాని మీద సబ్బు దట్టంగా పట్టించి వదిలేసి, ఆ కాసేపూ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పైన గదుల్లోంచి చడీ చప్పుడూ లేదు. ఎక్కడో కుర్చీ లాగిన చప్పుడైతే కళ్ళు తెరిచింది. పిల్లని లేపారేమో అనుకుంది.

సంపూర్ణమ్మ ఇంకో బకెట్టు నీళ్ళు తెచ్చింది. "లేదండి. రాసుకుంటోంది. చూసొచ్చాను," అంది అడక్కుండానే.

మళ్ళీ రుద్దడం, మళ్ళీ తడపడం. అంచు పల్చబడింది, తెగింది, చివరికి కళ్ళు దగ్గర పెట్టి చూస్తే తప్ప తెలియని ఛాయగా మిగిలింది. నీళ్ళు పిండి, విదిలించి, షెడ్డు వెనక తీగ మీద ఎండ నేరుగా పడే చోట వేసింది. దాని మీద ఏదీ కప్పలేదు.

చేతులు తుడుచుకుంటూ తిరిగేసరికి శశిభూషణ్ షెడ్డు మూల దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది. ఎంతసేపైందో తెలియదు. బకెట్టులో చివరి నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆయన తీగ దగ్గరికి వచ్చి ఆ టాపుని చూశాడు.

"ఇదేనా అండి ఆ డ్రస్సు?"

"ఇదేనండి."

"మరక ఏదండీ?"

"పోయిందండి."

ఆయన ముఖంలో మొదటిసారి విసుగు కనిపించింది. "నాకు అర్థం కావడం లేదండి. మీకున్న ఒకే ఒక్క ఆధారం ఇది. పైకి ఫోను చేసి, ఇలా ఒక టీచరు మీద రిపోర్టు వస్తోందని చెప్పేశాను. ఇప్పుడు కూడా, చివరిసారి అడిగి చూద్దామని వచ్చాను. మీరేమో దీన్ని కూడా ఉతికి ఆరేశారు."

"ఆ పిల్ల ఇంటికెళ్ళాలి కదండి," అంది శ్రీసుధ. "బట్ట చూస్తే నమ్ముతానని మీరన్నారు. బాగానే ఉంది. ఇలాంటి ఇబ్బంది ఇంకో ఆడపిల్లకి ఇంకో సెంటర్లో వస్తుంది. అప్పుడు కూడా బట్ట తెమ్మంటారా అండి?"

ఆయన చూపు మళ్ళీ తీగ మీదికి వెళ్ళింది. ఫోను మోగింది. చూసి, ఎత్తకుండానే గబగబా ఆఫీసు వైపు నడిచాడు.

చివరి బెల్లు కొట్టారు. గదులు ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు కేకలూ, చెప్పుల మోతా. దుర్గాశ్రీ తెల్లకోటులో మెట్లు దిగి నేరుగా షెడ్డు వెనక్కి వచ్చింది. టాపు ఇంకా చెమ్మగా ఉంది. వెనక్కి తిప్పి, ఎండకి పెట్టి చూసుకుంది.

"పోయిందండీ," అంది నమ్మలేనట్టు. బాత్రూమ్‌లోకి వెళ్ళి వేసుకుని వచ్చింది. కోటు మడిచి ఇచ్చింది. "చివర్లో ఒక లెక్క వదిలేశానండి. మిగతావి రాశాను."

"మంచిది. ఇంటికెళ్ళు," అంది శ్రీసుధ. ఆఫీసు గదివైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

కానీ సంపూర్ణమ్మ ఊరుకోలేదు. "లేడీ కానిస్టేబుల్‌ని పిలిచి నిన్ను చెక్ చేయిస్తామంటే, నిన్ను వదిలిపెట్టమని మేడం గారు తన మీద రాయించుకున్నారమ్మా. డ్యూటీ లోంచి తీసేశారు. ఉద్యోగమే పోతుందంటున్నారు."

"సంపూర్ణమ్మా," అంది శ్రీసుధ. అప్పటికే ఆలస్యమైంది.

దుర్గాశ్రీ అలాగే నిలబడిపోయింది. గేటు వైపు చూసింది. అక్కడ వాళ్ళ ఊరి కుర్రాళ్ళు సైకిళ్ళు తీస్తున్నారు. మళ్ళీ ఆఫీసు వైపు చూసింది. చున్నీ భుజాల మీద సర్దుకుని నడవడం మొదలుపెట్టింది.

"దుర్గాశ్రీ, అక్కర్లేదమ్మా. నేను చూసుకుంటాను."

"మీరు చెప్పనన్నారు కదండీ. నేను చెప్తాను," అంది ఆగకుండా.

ఆఫీసు గదిలో హెడ్‌మాస్టరూ శశిభూషణూ ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. శ్రీసుధ వెనకే వచ్చి గుమ్మంలో ఆగింది.

"సార్, నాకు పీరియడ్స్ వచ్చాయండి. అందుకే లేవలేదు," అంది దుర్గాశ్రీ.  "బెంచీకి రక్తం అంటింది. మేడం తుడిచారు. మీరు రుమాలు అడిగారు కదండీ, అందులో ఉన్నది అదేనండి. వేరే ఏం లేదు. ఎవరికీ చెప్పొద్దని నేనే అడిగాను." ఒక్కసారి ఊపిరి తీసుకుంది. "లేడీ కానిస్టేబుల్‌ని పిలుస్తామన్నారట కదండీ. కావాలంటే ఇప్పుడు పిలవండి సార్. పరీక్ష రాసేశాను."

 గోపాలకృష్ణమూర్తి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నారు. శశిభూషణ్ ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. ఆ పిల్ల చూపు దించలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అక్కర్లేదమ్మా," అన్నాడాయన. కొంచెం ఆగి, "కూర్చో," అన్నాడు.

"వద్దండి. మా నాన్న బయటున్నారు."

ఆయన ఫోను తీసి, పైవాళ్ళకి చేశాడు. అందరి ముందే. "సార్, ఇందాక పాలకొల్లు సెంటర్ విషయం చెప్పాను కదండి. అది కాదండి. పొరపాటు పడింది నేనే... లేదండి, స్లిప్పులేం లేవు... అమ్మాయికి కొంచెం..." అని ఆగాడు. అవతల నుంచి ఏదో గట్టిగా అడుగుతున్నారు. నుదురు తుడుచుకున్నాడు. "ఒంట్లో బాగోలేక కాదండి. నెలసరండి. నెలసరి వచ్చింది. ఇన్విజిలేటర్ గారు సాయం చేశారు. అదేనండి జరిగింది."

ఫోను పెట్టేశాక, రాసిన కాగితాన్ని ఫైలులోంచి తీసి అడ్డంగా చింపాడు. "గది వదిలి వెళ్ళినందుకు మాత్రం మెమో రావచ్చు మేడమ్. అది నా చేతుల్లో లేదు, పైవాళ్ళకి తెలిసిపోయింది."

"రానివ్వండి. సమాధానం రాస్తాను," అంది శ్రీసుధ.

"మా స్క్వాడ్‌లో ఆడవాళ్ళు ఇవాళ ఎవరూ లేరండి," అన్నాడాయన. సంజాయిషీయో ఫిర్యాదో తెలియలేదు.  రుమాలు ఇంకా బల్ల మీదే ఉంది. శ్రీసుధ దాన్ని తీసుకుని పిల్లతో పాటు బయటికి నడిచింది.

గేటు దగ్గర జనం పలచబడ్డారు. దుర్గాశ్రీ నాన్న సత్తియ్య బండి మీద ఒక కాలు కింద పెట్టుకుని కూర్చున్నాడు. కౌలుకి వరి చేస్తాడు. ఎండకి మాడిన ముఖం, భుజాన తువ్వాలు. శ్రీసుధని చూసి బండి దిగి నమస్కారం పెట్టాడు.

"అందరూ వచ్చేశారు. ఇంత లేటైందేంటమ్మా?" అని కూతుర్ని అడిగాడు. అంతలో టాపు కేసి చూశాడు. "అదేంటి, వెనకాలంతా తడిసింది?"

శ్రీసుధ నోరు తెరవబోయింది. నీళ్ళ సీసా ఒలికింది అందామనుకుంది.

"నెలసరి వచ్చింది నాన్నా, పరీక్షలో. డ్రస్సుకి అంటితే మేడం గారు ఉతికిచ్చారు," అంది దుర్గాశ్రీ.

సత్తియ్య రోడ్డు వైపు చూశాడు. లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయేదాకా అటే చూశాడు. ఇంట్లో ఆ మాట వాళ్ళమ్మ కూడా ఆయన ముందు ఎన్నడూ అని ఉండదు. 

సత్తియ్య భుజం మీది తువ్వాలు తీశాడు. ఎండకి సెగలు కక్కుతున్న బండి సీటు మీద దాన్ని రెండు మడతలు వేసి పరిచాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. "పొద్దుట్నించీ ఏమైనా తిన్నావా?"

"లేదు నాన్నా."

"బస్టాండు దగ్గర ఇడ్లీ తిని వెళ్దాం." శ్రీసుధ వైపు ఇంకోసారి చేతులు జోడించి, బండి కిక్కు కొట్టాడు.